చెవి లోపల పట్టే మిషనా, చెవి వెనక పెట్టుకునేదా? ఫిబ్రవరిలోపు తేల్చుకోవాలి

బొబ్బిలి_మేష్టారు
వయసు 48. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. రెండేళ్ల నుంచి వెనక బెంచీల వాళ్లు అడిగేది సరిగ్గా అందడం లేదు. గొంతు వినపడుతుంది, మాట ఏమిటో తెలియదు. మగపిల్లలది కొంత నయం, ఆడపిల్లలు మెల్లగా అడిగితే పెదాలు కదలడమే కనిపిస్తుంది. పోయిన నెల ఎనిమిదో తరగతిలో ఒకమ్మాయి లేచి "ఘాతం ఎందుకు మారింది సార్" అంది. నాకు "పాఠం" అని వినపడింది. "పాఠం ఏమీ మారలేదమ్మా, నిన్నటిదే, కూర్చో" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల తల దించుకుని కూర్చుంది, ఆ తర్వాత మళ్లీ లేవలేదు. నాలుగు రాత్రులు నిద్ర పట్టలేదు. ఐదో రోజు విజయనగరం వెళ్లి పరీక్ష చేయించుకున్నాను.

చెవిలో గులిమి లేదు, పొర బాగానే ఉంది, నరం బలహీనపడింది అన్నారు డాక్టరు గారు. మందులకి తగ్గేది కాదు, మిషన్ పెట్టుకోవాలన్నారు.

రెండు చోట్ల ధర అడిగాను. ఒకచోట చెవి కాలువలోకి పూర్తిగా వెళ్లిపోయే ఐఐసీ, ఒక్కో చెవికి 62 వేలు. ఇంకోచోట ఆర్‌ఐసీ, అంటే చెవి వెనక చిన్న పెట్టె, సన్న తీగ చివర స్పీకరు చెవిలోకి. రీఛార్జబుల్, ఒక్కోటి 55 వేలు. ఫిబ్రవరిలో మా అమ్మాయి పెళ్లి. పందిట్లో వియ్యాలవారి ముందు చెవికి మిషన్ తగిలించుకుని కూర్చోవడం నాకు ఇష్టం లేదు. వాడినవాళ్లు చెప్పండి, లోపలిది కొంటే ఏమవుతుంది?

టెక్కలి_తమ్ముడు
ఐఐసీ తీసుకోండి సార్, ఆలోచించొద్దు. మూడేళ్లుగా పెట్టుకుంటున్నాను, మా ఆఫీసులో సగం మందికి ఇప్పటికీ తెలియదు. ఫోను మామూలుగా చెవికి ఆనించి మాట్లాడతాను. కళ్లజోడు, మాస్కు, హెల్మెట్ దేనికీ అడ్డం రాదు.

చీపురుపల్లి_అప్ప
తమ్ముడి మాట మీద డబ్బు కట్టేయకండి మేష్టారూ. మా నాన్నకి 71. ఆయన కూడా కనపడకూడదని పట్టుబట్టి లోపలిదే చేయించుకున్నారు. దాని బ్యాటరీ 10 నంబరు, పసుపు స్టిక్కరుది, కందిగింజంత ఉంటుంది. ఐదు రోజులకోసారి మార్చాలి. ఆయనకి వేళ్లు వణుకుతాయి. ఒక రోజు పొద్దున్నే చూస్తే వీధరుగు మీద మోకాళ్ల మీద కూర్చుని, అరచేత్తో నేలంతా తడుముతున్నారు. "ఏటి నాన్నా పోయింది" అంటే వినపడలేదు. ముందుకెళ్లి నిలబడితే తలెత్తి, "నువ్వు పక్కకి తప్పుకో అమ్మా, తొక్కేస్తావు" అన్నారు. ఎంతసేపటి నుంచి వెతుకుతున్నారో తెలియదు. ఆ మిషన్ ఇప్పుడు బీరువాలో ఉంది. జతకి లక్షా పది వేలు.

సాలూరు_లారీ
మేష్టారూ, ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష కాగితం) మీది నంబర్లు పెట్టండి. అవి చూడకుండా మనం ఎంత చెప్పుకున్నా కొలత ఇవ్వకుండా చొక్కా కుట్టమన్నట్టే. రెండు చెవులకీ తేడా ఉందా? నాకు కిటికీ వైపు చెవి బాగా తక్కువ ఉంటే, ఇరవై రెండేళ్లు లారీ హారన్ల పక్కన కూర్చున్నాను కదా, దానివల్లే అనుకున్నాను. డాక్టరు ఒప్పుకోలేదు. ఒక పక్కే ఎక్కువ తగ్గితే నరం మీద గడ్డ లేదని రూఢి చేసుకోవాలని ఎమ్మారై తీయించారు. ఏమీ లేదు, కానీ తీయించడమే మంచిదైంది.

బొబ్బిలి_మేష్టారు
కాగితం మీద ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. కుడి చెవి: 250 దగ్గర 20, 500 దగ్గర 25, 1000 దగ్గర 35, 2000 దగ్గర 50, 4000 దగ్గర 65, 8000 దగ్గర 70. ఎడమది ఐదు అటూ ఇటూగా అంతే. కింద "సగటు 37, స్వల్పం" అని రాశారు. స్వల్పమే అయితే పిల్లల మాట ఎందుకు అందడం లేదో అర్థం కాలేదు.

చెవి_పరీక్ష
నేను ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్ష చేసి మిషన్ అమర్చేదాన్ని, విజయనగరంలోనే పని. నాకు ఏ కంపెనీతోనూ సంబంధం లేదు, ఏదో ఒకటి కొనమని చెప్పను.

మేష్టారూ, ఆ 250 నుంచి 8000 దాకా ఉన్నవి శబ్దం స్థాయిలు, అంకె పెరిగే కొద్దీ శబ్దం సన్నం. వాటి పక్కనున్నది ఎంత గట్టిగా ఉంటే మీకు వినపడిందో చెబుతుంది, అది పెరిగే కొద్దీ వినికిడి తగ్గినట్టు. ఆ 37 అనేది 500, 1000, 2000 మూడింటి దగ్గర వచ్చినవాటి సగటు. అసలు దెబ్బ 2000 దాటాక ఉంది, అది సగటులోకి రాలేదు. మాటలో బలం అచ్చులది, అవి కింది స్థాయిలో ఉంటాయి. ఏ మాటో తేల్చేవి హల్లులు. స, శ, చ, త లాంటివి సన్నగా, పై స్థాయిలో పలుకుతాయి. అందుకే "గొంతు వినపడుతుంది, మాట తెలియదు" అన్నారు మీరు. పరీక్ష కాగితం చెప్పేది కూడా సరిగ్గా అదే. ఆడపిల్లల, చిన్నపిల్లల గొంతు అందకపోవడం కూడా ఇందులో భాగమే.

ఇప్పుడు మిషన్ సంగతి. మీకు కింది స్థాయి వినికిడి దాదాపు బాగానే ఉంది. అలాంటి చెవిని బిరడా పెట్టినట్టు మూసేస్తే మీ గొంతు మీకే బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు వినిపిస్తుంది. నమలడం, అడుగుల చప్పుడు కూడా తలలో మోగుతాయి. రెండు చెవులూ వేళ్లతో గట్టిగా మూసుకుని "ఊఁ" అనండి, తెలుస్తుంది. రోజుకి ఐదారు పీరియడ్లు మాట్లాడేవారికి అది చిన్న బాధ కాదు. ఆర్‌ఐసీకి చిల్లులున్న మెత్తటి రబ్బరు డోమ్ పెడితే చెవి తెరిచే ఉంటుంది. కింది శబ్దాలు మామూలు దారిలోనే వస్తాయి, పై శబ్దాలని మాత్రమే మిషన్ పెంచి ఇస్తుంది. మీ ఆడియోగ్రామ్ వాలు చూస్తే నా ఓటు దానికే.

ఇంకోటి. పూర్తిగా లోపలికి వెళ్లేదానిలో మామూలుగా ఒకటే మైకు ఉంటుంది, రెండోదానికి చోటు చాలదు. వెనక పెట్టుకునేదానిలో రెండు మైకులుంటాయి కాబట్టి ఎదురుగా ఉన్న మనిషి మాటని చుట్టూ ఉన్న గోల నుంచి కొంత విడదీయగలదు. క్లాసుకీ పెళ్లి పందిరికీ కావలసింది అదే.

టెక్కలి_తమ్ముడు
మేడమ్, గొంతు మోగడం గురించి ఒక మాట. నాకు మొదట సీఐసీ చేశారు, అదీ లోపలిదే కానీ ఐఐసీ అంత లోతుకి వెళ్లదు, దానితో నిజంగానే బిందె మోత. తర్వాత ఇంకా లోతుగా వెళ్లే ఐఐసీ చేయిస్తే మోత చాలా తగ్గింది. లోపలిదంటే మోత ఖాయం అన్నట్టు రాశారు, అది నిజం కాదు.

చెవి_పరీక్ష
మీరు చెప్పింది నిజమే, నేను ముడిపెట్టి రాశాను. చెవి కాలువ బయటి భాగం మెత్తటి ఎముక, లోపలిది గట్టి ఎముక. గట్టి భాగం దాకా వెళ్లి కూర్చుంటే గొంతు మోత తగ్గుతుంది. అయితే అంత లోతుకి కాలువ వెడల్పు, వంపు అనుకూలించాలి. చాలామంది చెవులకి కుదరదు. అచ్చు తీసి పంపాక "ఈ చెవికి ఐఐసీ పట్టదు, సీఐసీ చేసి పంపుతాం" అని తయారీవాళ్లే తిప్పి రాసిన సందర్భాలు చూశాను. మీ చెవి వెడల్పుగా ఉండి ఉంటుంది. మీ ఆడియోగ్రామ్ కూడా మేష్టారిది లాగే వాలుగా ఉందా?

టెక్కలి_తమ్ముడు
లేదు, అన్నిచోట్లా 45, 50. అడ్డగీత గీసినట్టు ఉంటుంది.

చెవి_పరీక్ష
అందుకే మీకు బాగా కుదిరింది. కింది శబ్దాలు కూడా మీకు మిషన్ నుంచే రావాలి, చెవి మూసుకున్నా నష్టం తక్కువ.

నాగావళి_ఒడ్డు
ఆర్‌ఐసీని అంత వెనకేసుకు రాకండి. నేను శ్రీకాకుళంలో రోజూ బండి మీద తిరిగే మనిషిని. ఏడు రోడ్ల జంక్షన్‌లో దిగి హెల్మెట్ తీస్తే కుడివైపు మిషన్ దానితో పాటు ఎగిరి పోయింది. ఎక్కడ పడిందో తెలియదు, చప్పుడు వినడానికి చెవి ఉంటే కదా. ఆటో డ్రైవర్లు ఇద్దరు ఆగి వెతికారు, చక్రాల కింద నలిగిపోయి దొరికింది. దానికి తోడు గాలి. మైకు చెవి పైన ఉంటుంది కాబట్టి బండి మీద వెళ్తుంటే హోరు తప్ప ఏమీ వినపడదు. లోపలిదానికి చెవి డొప్పే గాలికి అడ్డం. మేష్టారు బడికి బండి మీద వెళ్తారా, బస్సులోనా?

బొబ్బిలి_మేష్టారు
బండే. పదకొండు కిలోమీటర్లు.

చీపురుపల్లి_అప్ప
బండి ఎక్కేముందు తీసి డబ్బాలో పెట్టుకోవచ్చు కదా.

నాగావళి_ఒడ్డు
అప్పా, బండి మీదే కదా వెనక లారీ హారన్ వినాలి! నేను చివరికి హెల్మెట్ ఒక సైజు పెద్దది కొన్నాను, తీసేటప్పుడు రెండు చేతులతో పక్కలకి లాగి నిదానంగా పైకి ఎత్తుతాను. అప్పటి నుంచి పోలేదు. మాస్కు మాత్రం చెవులకి తగిలించేది మానేసి తల వెనక కట్టేది తెచ్చుకున్నాను.

ఉద్దానం_కొబ్బరి
రీఛార్జబుల్ అనగానే అందరూ ఎగబడుతున్నారు. మాది పలాస పక్కన పల్లె. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా ఊళ్లో కొబ్బరిచెట్లతో పాటు కరెంటు స్తంభాలూ పడుకున్నాయి. రోజుల తరబడి కరెంటు లేదు. మా మావయ్యకి బ్యాటరీ మిషన్ ఉంది కాబట్టి పునరావాస కేంద్రంలో పేర్లు పిలుస్తుంటే విని లేవగలిగారు, బియ్యం తెచ్చుకోగలిగారు. 13 నంబరు బ్యాటరీ, నారింజ స్టిక్కరు, ఆయనకి పది రోజులు పైనే వస్తుంది. ఒక అట్ట జేబులో ఉంటే రెండు నెలలు దిగులు లేదు. తుఫాను జిల్లా వాళ్లం, ఆ సంగతి మరిచిపోకూడదు.

పాలకొండ_రోడ్
ఇప్పుడొచ్చే ఛార్జర్ పెట్టెల్లో కొన్నింటికి లోపల బ్యాటరీ ఉంటుంది, గోడకి పెట్టకుండానే కొన్ని విడతలు ఛార్జ్ చేస్తుంది. పవర్ బ్యాంకు పెట్టినా ఎక్కుతుంది. మా అమ్మకి ఏ రాత్రికారాత్రి పెట్టెలో పెట్టడమే, వేళ్లతో పనే లేదు. చీపురుపల్లి అప్ప నాన్నగారికి అదైతే బాగుండేది. లోపం ఒకటుంది, లిథియం బ్యాటరీ నాలుగైదేళ్లకి నీరసపడుతుంది, మనం ఇంట్లో మార్చుకోలేం, కంపెనీకి పంపాలి.

ఉద్దానం_కొబ్బరి
పవర్ బ్యాంకు సంగతి తెలియదు. ఒప్పుకుంటాను. కానీ మావయ్య మాత్రం మారరు.

సాలూరు_లారీ
బ్యాటరీ వాడేవాళ్లకి ఒక ముక్క. స్టిక్కరు పీకగానే మిషన్‌లో పెట్టేయకండి. అది గాలి పీల్చుకుని పనిచేసే జింకు బ్యాటరీ. పీకి ఒకటి రెండు నిమిషాలు బయట ఉంచి అప్పుడు పెడితే పూర్తి బలం వస్తుంది. ఒకసారి పీకాక మళ్లీ స్టిక్కరు అంటించినా లాభం లేదు, వాడకపోయినా అయిపోతుంది. పసుపు 10, గోధుమ రంగు 312, నారింజ 13, నీలం 675.

చెవి_పరీక్ష
దానికి నాదొక మాట కలపండి. పెద్దవాళ్ల మాత్రల డబ్బాలో బ్యాటరీలు పెట్టకండి. చూపు తక్కువైన మనిషి మాత్ర అనుకుని మింగేసే ప్రమాదం ఉంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకా జాగ్రత్త. మింగారని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి, రేపు చూద్దాం అనుకోకూడదు.

రాజాం_కుర్రాడు
ఆన్‌లైన్‌లో 1,800కి లోపల పెట్టుకునే మిషన్లు జత వస్తున్నాయి కదా? 62 వేలు ఎందుకు? మామ్మకి అదే తెప్పించాను.

చీపురుపల్లి_అప్ప
మామ్మ ఏమంది?

రాజాం_కుర్రాడు
"గిన్నె పడితే పిడుగు పడ్డట్టుంది, నీ మాట మాత్రం అలాగే ఉంది నాయనా" అంది.

చెవి_పరీక్ష
మామ్మే సరిగ్గా చెప్పింది. అది శబ్దం పెంచే పెట్టె, వినికిడి మిషన్ కాదు. అన్ని స్థాయిలనీ ఒకేలా పెంచుతుంది. మామ్మకి గిన్నె చప్పుడు ముందే బాగా వినపడుతుంది, దాన్ని కూడా పెంచింది. మంచి మిషన్‌కి ఆడియోగ్రామ్ ఎక్కించి ఎక్కడ ఎంత కావాలో అంతే ఇస్తాం, ఇంతకు మించి శబ్దం వెళ్లకూడదని గీత కూడా పెడతాం. ఆ గీత లేని పెట్టె ఉన్న వినికిడిని కూడా పాడుచేయగలదు. తీయించేయండి.

రాజాం_కుర్రాడు
తీసేశాను. పోనీ యాపిల్ ఇయర్‌పాడ్స్‌లో ఏదో వచ్చిందన్నారు?

చెవి_పరీక్ష
అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 2024 సెప్టెంబరులో యాపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రో 2కి వినికిడి మిషన్‌లా పనిచేసే సాఫ్ట్‌వేర్ అనుమతించింది. 18 దాటినవాళ్లకి, స్వల్పం నుంచి మధ్యస్థం వరకు ఉన్నవాళ్లకి. కాసేపు టీవీ చూడటానికి పనికొస్తుంది. కానీ ఛార్జింగ్ కొన్ని గంటలే, బడి గంట కొట్టేదాకా నిలవదు. పైగా క్లాసులో పెట్టుకుంటే సారు పాటలు వింటున్నారు అనుకుంటారు పిల్లలు.

వీణ_తీగ
విజయనగరంలో సంగీత కళాశాల వీధిలో పెరిగాను, వీణ నేర్చుకున్నాను, ఇప్పుడు 60 నాకు. 1919లో పెట్టిన కళాశాల అది, ఆ అరుగుల మీద రోజంతా శ్రుతి వింటూ పెరిగినదాన్ని. మిషన్ పెట్టుకున్న మొదటి రోజు మంద్రంలో ఒక తీగ మీటితే నాదం సాగుతూ సాగుతూ సన్నగా వణికి గిరగిర తిరిగింది. నా చెయ్యే పడిపోయిందనుకున్నాను. పది నిమిషాలు ఏడ్చాను. తర్వాత తెలిసింది. మిషన్‌కి ఈల రాకుండా ఆపే ఏర్పాటు ఒకటి ఉంటుంది. సాగదీసిన స్వరాన్ని అది ఈల అనుకుని నొక్కేస్తుంది. ఆడియాలజిస్టుతో చెప్పి సంగీతం కోసం వేరే ప్రోగ్రాం పెట్టించుకున్నాను, దానిలో ఆ ఏర్పాటు, గోల తగ్గించే ఏర్పాటు రెండూ తగ్గించారు. ఇప్పుడు వీణ ముందు కూర్చునేటప్పుడు బటన్ ఒకటి నొక్కుతాను. ఐఐసీ వాళ్లకి బటన్ పెట్టే చోటే ఉండదు చాలావాటిలో, కొనేముందు అది అడగండి.

గంటస్తంభం_గీత
వీణ_తీగ గారూ, ఆ వణుకు నాకు గుడి గంట దగ్గర వస్తుంది! ఎందుకో ఇప్పుడు తెలిసింది. థాంక్యూ.

పాలకొండ_రోడ్
బిల్లు గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను లెక్కలు చూసేవాణ్ని, మూడు మాటలు. వినికిడి మిషన్ మీద జీఎస్టీ లేదు, బిల్లులో మిషన్ ధర మీద పన్ను వేస్తే ఎందుకో అడగండి. బిల్లు మీద రెండు మిషన్ల సీరియల్ నంబర్లూ ఉండాలి. పెట్టె మీద నంబరు కాదు, మిషన్ మీది నంబరు. మా అమ్మకి మొదటిసారి కొన్నచోట డిస్‌ప్లేలో ఉన్న పాత ముక్కని కొత్తదని ఇచ్చారు. వారంటీ కోసం వెళ్తే ఆ నంబరుకి ఏడాదిన్నర ముందే వారంటీ మొదలైపోయి ఉంది. నెల రోజులు తిరిగితే మార్చారు. ఇక మూడోది, ఆ మిషన్‌ని వేరే ఊళ్లో వేరే ఆడియాలజిస్టు సరిచేయగలరా లేక వాళ్ల దుకాణంలోనే తెరుచుకుంటుందా అని అడగండి. కొన్నింటికి తాళం ఉంటుంది. రేపు మేష్టారికి ట్రాన్స్‌ఫర్ అయితే?

సాలూరు_లారీ
కంపెనీల పేర్లు చూసి కూడా తికమక పడొద్దు. సీమెన్స్ మిషన్లని మా పెద్దవాళ్లు వాడేవారు, 2015లో ఆ విభాగం చేతులు మారి తర్వాత సిగ్నియా పేరుతో వస్తోంది. 2019లో అది వైడెక్స్‌తో కలిసింది. ఫోనాక్, ఓటికాన్, రీసౌండ్, స్టార్కీ అన్నీ మన దగ్గర దొరుకుతాయి. అన్నిటిలో చవకవీ ఉన్నాయి, లక్షలవీ ఉన్నాయి. "ఇన్ని ఛానళ్లు" అని, అంటే శబ్దాన్ని ఇన్ని ముక్కలుగా విడదీసి సరిచేస్తుందని ఊదరగొడతారు. సరిగ్గా సెట్ చేసిన చవకది సెట్ చేయని ఖరీదైనదాని కంటే నయం, రెండూ వాడి చెబుతున్నాను.

చెవి_పరీక్ష
సాలూరు గారు చెప్పిన సెట్టింగే అసలు సంగతి. "రియల్ ఇయర్ మెజర్‌మెంట్ చేస్తారా" అని అడగండి. సన్న గొట్టం మిషన్ పక్క నుంచి కర్ణభేరి దగ్గరికి పెట్టి, మీ చెవిలోకి నిజంగా ఎంత శబ్దం చేరుతోందో కొలుస్తారు. అన్నిచోట్లా ఉండదు, ఉన్నచోటికి వెళ్లండి. చూసేవారికి ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందా అనేది కూడా అడగండి, అడిగితే తప్పు పట్టుకునేవారి దగ్గరికి వెళ్లకండి.

ట్రయల్ గురించి మరిచాను. ఆర్‌ఐసీని మామూలుగా కొన్ని రోజులు ఇంటికి ఇచ్చి చూడమంటారు. ఐఐసీ మీ చెవి అచ్చుతోనే తయారవుతుంది కాబట్టి కొనకుండా ట్రయల్ ఉండదు. లోపలిది రుచి చూడాలంటే సిగ్నియా సిల్క్ లాంటి రెడీమేడ్‌వి అడగండి, అచ్చు లేకుండా మెత్తటి తొడుగుతో పెడతారు.

చీపురుపల్లి_అప్ప
మేడమ్, గవర్నమెంటు ఇచ్చేవి ఎవరికి వస్తాయి? మా పక్కింటి తాతకి కొనే స్తోమత లేదు. ఇద్దరూ అరుగు మీద కూర్చుని ఒకరిది ఒకరికి వినపడకుండానే గంటలు మాట్లాడుకుంటారు, మా నాన్నా ఆయనానూ.

చెవి_పరీక్ష
వైకల్యం ఉన్నవాళ్లకి పరికరాలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం ఉంది. 40 శాతం వైకల్య సర్టిఫికెట్ కావాలి, నెల ఆదాయం 22,500 లోపు అయితే ఉచితం, 30,000 లోపు అయితే సగం. శిబిరాల్లో ఇచ్చేది చాలావరకు చెవి వెనక పెట్టుకునేదే, లోపలిది ఆశించొద్దు. దాన్ని తక్కువ చేసి చూడకండి, బాగా తగ్గిన చెవికి బలం కావాలి, పెద్ద స్పీకరు, పెద్ద బ్యాటరీ దానిలోనే పడతాయి. తాతగారిని ముందు జిల్లా ఆసుపత్రిలో చెవి విభాగానికి తీసుకెళ్లండి, సర్టిఫికెట్ దారి వాళ్లే చెబుతారు. ఆయనకి చెవిలో చీము కారుతుందా?

చీపురుపల్లి_అప్ప
వానాకాలం కారుతుంది.

చెవి_పరీక్ష
అయితే మూసేసే మిషన్ అసలు వద్దు. గాలి ఆడకపోతే కారడం ఎక్కువవుతుంది. మిషన్ కంటే ముందు ఆ చెవికి వైద్యం.

గంటస్తంభం_గీత
మేష్టారి మొదటి పోస్టులో పెళ్లి మాట చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను. నాకు 31, బ్యాంకులో కౌంటరు. 24వ ఏట మొదలైంది. సంబంధాలు చూస్తున్నారు, ఎవరికీ చెప్పొద్దు అన్నారు ఇంట్లో. పెళ్లిచూపుల్లో అబ్బాయి తల్లి ఏదో అడిగారు, నాకు అందలేదు, నవ్వాను. మళ్లీ అడిగారు, మళ్లీ నవ్వాను. "పొగరు పిల్ల" అని కబురొచ్చింది. చెవుడు అని తెలిసినా ఇంత బాధ ఉండేది కాదు. తర్వాతి సంబంధానికి నేనే ముందు చెప్పాను, మిషన్ పెట్టుకునే కూర్చున్నాను. ఆయనే ఇప్పుడు మా ఆయన. మిషన్ మీద ఎర్రగీత కుడిదానికి, నీలంగీత ఎడమదానికి అని నాకంటే ముందు ఆయనకే గుర్తుంటుంది.

నాది చెవి డొప్పలో కూర్చునే ఐటీసీ. పూర్తిగా దాగదు, దగ్గరగా చూస్తే కనపడుతుంది. దీనిలో 312 బ్యాటరీ పడుతుంది, రెండు మైకులున్నాయి. సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల దగ్గర జనంలో మా అత్తగారి మాట విన్నాను. లోపలిది, వెనకది కాక ఈ మధ్యది ఒకటి ఉందని మేష్టారికి ఎవరూ చెప్పలేదు.

టెక్కలి_తమ్ముడు
నిజమే, ఐటీసీ మరిచాం. గీత గారూ, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను.

నాగావళి_ఒడ్డు
కుక్క ఉన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? రాత్రి తీసి మంచం పక్కన పెట్టకండి. గులిమి వాసనకో, సన్నని ఈలకో దానికి మహా ఇష్టం. మా టామీ ఒకటి నమిలేసింది. హెల్మెట్‌కి ఒకటి, టామీకి ఒకటి, నా జతకి లెక్క సరిపోయింది.

వీణ_తీగ
మన ఉక్కకి చెమట కూడా కుక్క లాంటిదే. రాత్రి తేమ పీల్చే డబ్బాలో పెట్టండి. సిలికా గుళ్లు రంగు మారితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. చెవిలోపలి స్పీకరు చివర గులిమి అడ్డుకునే చిన్న జల్లెడ ఉంటుంది. మిషన్ చచ్చిపోయిందని పరుగెత్తేముందు అది మార్చి చూడండి, నాకు మూడుసార్లు అదే.

బొబ్బిలి_మేష్టారు
పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. అందరి మాటలూ నోట్‌బుక్‌లో రాసుకుని వెళ్లాను. రియల్ ఇయర్ కొలత ఉన్నచోటు వెతుక్కుని విశాఖ వెళ్లాను.

ముందు రెడీమేడ్ లోపలిది పెట్టారు. అద్దంలో చూస్తే ఏమీ కనపడలేదు, నిజంగా సంతోషం వేసింది. "నమస్కారం" అన్నాను. బిందె అన్నారు చూడండి, నూతిలోంచి నేనే నన్ను పిలిచినట్టుంది. అరగంట ఓపిక పట్టాను. మజ్జిగ ఇప్పించారు, గుటక కూడా వినపడింది. ఐటీసీ కూడా అడిగాను గీత గారూ. చెవి కాలువ సన్నం, మోత రాకుండా మీ చెవికి పెద్ద గాలి రంధ్రం పెట్టే చోటు దానిలో ఉండదు అన్నారు. ఆర్‌ఐసీ తెరిచిన డోమ్‌తో నాలుగు రోజులు ఇంటికి ఇచ్చారు.

మొదటి రోజు న్యూస్‌పేపర్ మడత పెడితే రేకు చింపినట్టుంది. బోర్డు మీద సుద్దముక్క చివర కిర్రుమంటుందని ఎన్నేళ్ల తర్వాతో తెలిసింది, పిల్లలు ఇన్నాళ్లు ఎలా భరించారో. ఫ్యాను హోరు ఎక్కువగా ఉంది, మూడో రోజుకి కొంత తగ్గింది, నాకు అలవాటైందో ఏమో. రెండో బెంచీ దాకా బాగా అందింది. చివరి బెంచీ ఇంకా సగం సగమే. గది పెద్దది, గోడలు మోగుతాయి, మిషన్‌తో అన్నీ తీరిపోవు అని ముందే చెప్పారు. అందుకని డౌటు అడిగేవాళ్లు ముందుకొచ్చి అడగాలని మార్చాను. హెల్మెట్ నాగావళి గారి పద్ధతిలోనే తీస్తున్నాను, ఇప్పటిదాకా భద్రం.

రెండో రోజే ఒకడు అడిగేశాడు, "సార్, మీ చెవి దగ్గర ఆ తీగ ఏంటి" అని. మీ మాట వినడానికి అన్నాను. "ఓహో" అని లెక్క చేసుకోవడంలో పడిపోయాడు. అంతే. ఆ అమ్మాయిని స్టాఫ్‌రూమ్ దగ్గర పిలిచి, ఆ రోజు నువ్వు ఘాతం గురించి అడిగావు కదా, నాకు పాఠం అని వినపడింది, తప్పు నాది అని చెప్పి సందేహం తీర్చాను. ప్రశ్న మంచిదే. హారం నుంచి లవానికి తీసుకొస్తే ఘాతం గుర్తు ఎందుకు మారుతుందని.

డబ్బు కట్టాను. రీఛార్జబుల్ కాదు, 312 బ్యాటరీది. ఉద్దానం గారి మాట మనసులో పడిపోయింది.

ఉద్దానం_కొబ్బరి
మావయ్యకి చెబుతాను, సంతోషిస్తారు.

టెక్కలి_తమ్ముడు
నేను ఓడిపోయాను సార్, అయినా శుభం. పెళ్లికి మాకూ కార్డు వేయండి.

చీపురుపల్లి_అప్ప
మేష్టారూ, విశాఖలో ఆ లోపలి పాత మిషన్ తీసుకుని మార్పిడి చేస్తారేమో అడిగారా? నాన్నని మంగళవారం తీసుకెళ్దామనుకుంటున్నాను. ఛార్జర్ పెట్టెది చూపిస్తాను.

బొబ్బిలి_మేష్టారు
మార్పిడి సంగతి అడగలేదమ్మా, రేపు ఫోను చేసి చెబుతాను. మంగళవారం వెళ్తే పొద్దున్నే వెళ్లండి, కొలతకే గంటన్నర పట్టింది నాకు. నాన్నగారి పాత ఆడియోగ్రామ్ కూడా పట్టుకెళ్లండి.

చెవి_పరీక్ష
పాత మిషన్ కూడా పట్టుకెళ్లండి అప్పా. బ్యాటరీ తీసేసి.